అణాతో బడి నింపిన నేతగాడు – సర్ పిట్టి త్యాగరాయ శెట్టి

యానాం నుండి పుదుచ్చేరికి ఏదో ఒక కచేరీ పనిమీద వెళ్ళవలసివచ్చిన మెట్టకూరు వాసులకు చెన్నపట్టణం దారిలో తగిలే ఊరు. కాకినాడలో రైలెక్కి చెన్నై చేరుకొని, అక్కడి నుండి బస్సు పట్టుకోవడం మనలో అనేకులకు ఏళ్ళ తరబడి అలవాటైన ప్రయాణమే. ఇంట పెళ్ళి కుదిరినవారైతే ఒక పూట ఆగి, టి.నగర్‌లో పట్టుచీరలు కొనుక్కొని మరీ తిరిగివస్తారు. ఆ పేటకు ముందున్న 'టి' అనే అక్షరం ఎవరి పేరో విచారించేవారు మాత్రం అరుదు. త్యాగరాయనగర్ అని తెలిసినవారు కూడా సంగీత త్యాగయ్యగారి పేరు కాబోలునని సరిపెట్టుకుంటారు. కాదు. ఆ త్యాగరాయుడు వేరు. ఆయన తెలుగువాడు, దేవాంగ కులజుడు, మగ్గాల యజమాని. చెన్నపట్టణపు నగరపాలక సంస్థకు ప్రభుత్వోద్యోగి కాని తొలి అధ్యక్షుడు.

ఆయనను మనం తలచుకొనడానికి ఇంతకంటె దగ్గరి కారణం మరొకటి ఉన్నది. నేడు మధ్యాహ్నం గంట కొట్టగానే మెట్టకూరు బడిలోని పిల్లలు పళ్ళేలతో వరుస కడతారు. గట్టు దాటి ఆంధ్రదేశంలో అడుగుపెడితే అక్కడి బడిలోనూ అదే వరుస. రెండు ప్రభుత్వాలు, రెండు పద్దులు, ఒకే అన్నం. ఈ దేశంలో ప్రజలు కట్టిన పన్ను సొమ్ముతో బడిపిల్లలకు పూట తిండి పెట్టాలని ఒక స్థానిక సంస్థ తీర్మానించిన తొలి సందర్భాలలో ముఖ్యమైనది 1920లో త్యాగరాయ శెట్టిగారి అధ్యక్షతన జరిగింది. అది పైనుండి దిగివచ్చిన పథకం కాదు. ఒక పేటలోని ఒక బడి నిండడం లేదన్న చిన్న చిక్కు నుండి పుట్టిన ఉపాయం. అయిదేళ్ళకు ఆ ఉపాయానికి ఏ గతి పట్టిందో తెలుసుకొనడం మనవంటి చిన్న పురపాలక సంఘపు ప్రజలకు మరింత అవసరం.

మగ్గాల ఇల్లు

త్యాగరాయ శెట్టిగారు 1852వ సంవత్సరంలో జన్మించారు. తెలుగు దేవాంగులు చెన్నపట్టణానికి వలస వచ్చి స్థిరపడడం ఆయన పుట్టుకకు ఎంతో ముందటి మాట. కుంఫిణీవారికి కావలసినది బట్ట. బట్ట కావాలంటే నేతగాళ్ళు కావాలి. 1734 ప్రాంతంలో చింతాద్రిపేటను కట్టించినది నేతపనివారిని కాపురం పెట్టించడానికే. వాషర్‌మన్‌పేటకు ఆ పేరు వచ్చినదీ అక్కడ బట్టలను చలువ చేసి తెల్లగా ఎండబెట్టినందువల్లనే. మన ప్రాంతానికీ ఇది కొత్త కథ కాదు. యానాం పొరుగున ఉన్న ఇంజరంలో ఆంగ్లేయులు 18వ శతాబ్దపు ఆరంభంలో వర్తకశాల తెరచినది సన్నని పొడుగు బట్టల కోసమే. ఫ్రెంచివారు 1723లో యానాంలో దిగినదీ, నడుమ కొంతకాలం విడిచిపెట్టి మళ్ళీ వచ్చినదీ ప్రధానంగా ఆ వర్తకం కోసమే. గోదావరి ఒడ్డు నేతగాడూ చెన్నపట్టణపు నేతగాడూ సముద్రం అవతలి ఒకే అంగడికి సరకు నేసిన దాయాదులు. మాంచెస్టరు మరబట్ట వచ్చి పడిననాడు ఇద్దరి మగ్గాలూ మూలుగుతూ ఆగిపోయిన మాటా నిజమే.

అట్టి కాలంలో ఆ ఇంట పుట్టిన కుర్రవాడు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి పట్టభద్రుడైనాడు. చదువుకున్నవాడు ఆనాడు కోర్టు మెట్లో కలెక్టరు కచేరీ మెట్లో ఎక్కేవాడు. త్యాగరాయ శెట్టిగారు తిరిగి మగ్గాల దగ్గరికే వచ్చారు. ఉత్తర చెన్నపట్టణంలో తమ నివాస ప్రాంతాన సుమారు నూరు మగ్గాలతో నేత కర్మాగారాన్ని నడిపించారు. పిట్టి అన్న తమ ఇంటిపేరునే దానికి పెట్టారు. కులవృత్తిని వదలక, దానిని పాతబాటలో మాత్రం నడపక, రెండింటికీ నడుమ ఒక దారి తీశారన్నమాట.

ఆ దారిని కొంచెం వివరించవలసి ఉన్నది. మన పల్లెల్లోని పాత గుంటమగ్గంపై నేతగాడు నాడెను ఒక చేత్తో విసరి రెండవ చేత్తో అందుకొనేవాడు. బట్ట వెడల్పు అతని చేతుల చాపును మించడానికి వీలులేదు. ఎగిరే నాడె అమర్చిన మగ్గంలో తాడు ఒక్క లాగు లాగితే నాడె ఒక పెట్టె నుండి మరొక పెట్టెలోకి దానంతట అదే పరుగెత్తుతుంది. ఒక చెయ్యి ఖాళీ అవుతుంది, నేత వేగం పెరుగుతుంది, వెడల్పు బట్ట ఒంటిచేతి మీద నేయవచ్చు. ఇంగ్లండులో జాన్ కే అనే ఆయన దీనిని 1733లోనే కనిపెట్టారు. చెన్నపట్టణపు నేతగాళ్ళకు దానిని అలవాటు చేయడానికి ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే అధికారి 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ప్రయోగాలు చేశారు. చేతిమగ్గాన్ని పారవేసి మర కొనవలసిన పనిలేదు, ఉన్న మగ్గానికే చిన్న మార్పు చేసుకుంటే చాలునన్నది అందులోని సారం. ఆ కొత్త నాడెను తన మగ్గాలపై వాడి చూపించిన స్వదేశీ యజమానులలో త్యాగరాయ శెట్టిగారిది పెద్ద పేరు. ఉన్నదానిని పగులగొట్టకుండా ఒక చిన్న భాగాన్ని మార్చి, ఫలితం చూచి, తరువాత విస్తరించడం ఆయనకు మగ్గం నేర్పిన పద్ధతి అని నాకు తోస్తుంది. తరువాతి కథ చదివితే పాఠకులకూ అలాగే తోచవచ్చు.

1909లో చెన్నపట్టణపు దేశీయ వర్తకులు తమకంటూ ఒక వాణిజ్య మండలిని స్థాపించుకున్నారు. దక్షిణ భారత వాణిజ్య మండలి అని దాని పేరు. అంతవరకు వర్తకుల గొంతుగా చెల్లుబాటైనది దొరల వాణిజ్య మండలి ఒక్కటే. కొత్త మండలికి త్యాగరాయ శెట్టిగారు తొలి అధ్యక్షులై, అటుపై చాలాకాలం దానిని నడిపించారు.

నలభై ఏళ్ళ సభ్యత్వం

ఆయన నగరపాలక సంస్థలో సభ్యులైనది 1882లో. ఆ సంవత్సరం గుర్తుంచుకోదగినది. అదే ఏడాది మే నెలలో రాజప్రతినిధి రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనపై తన ప్రసిద్ధ తీర్మానాన్ని వెలువరించారు. ఊరి దీపం, ఊరి నీరు, ఊరి బడి సంగతులు ఊరివారే చూచుకొనడం నేర్వాలన్నది దాని భావం. ఇక్కడ మనవారు కొంచెం తల ఎత్తుకొనవచ్చును. అంతకు రెండేళ్ళు ముందే, 1880 మార్చి 12 నాటి ఫ్రెంచి శాసనం ద్వారా యానాం ఒక కమ్యూన్ అయినది. పుదుచ్చేరి, కారైకాల్, మాహే, చంద్రనగరాలతో పాటు మన చిన్న యానానికీ పురపాలక సభ, మేయరు అప్పుడే వచ్చారు. గట్టుకు ఇటు ఫ్రెంచి పద్ధతి, అటు ఆంగ్ల పద్ధతి. మన తాతలు రెండింటినీ ఒకే ఎడ్లబండి ప్రయాణంలో చూచినవారు.

చెన్నపట్టణపు నగరపాలక సంస్థ అంతకంటె చాలా పాతది. 1688లో ఆరంభమై, భారతదేశంలో అన్నిటికంటె ప్రాచీనమైనదిగా పేరుపొందినది. అయితే వయస్సు వేరు, అధికారం వేరు. అధ్యక్షపీఠంపై కూర్చొనేది ప్రభుత్వం పంపిన దొర. సభ్యులు ప్రశ్నలు వేయవచ్చు, లెక్కలు అడగవచ్చు, మురుగుకాలువల కోసం మొర పెట్టుకొనవచ్చు. పగ్గాలు మాత్రం వారి చేతిలో లేవు. అటువంటి సభలో త్యాగరాయ శెట్టిగారు ఇంచుమించు నలభై ఏళ్ళు సభ్యులుగా గడిపారు. యువకుడుగా వెళ్ళి, నెరసిన తలతో అధ్యక్షులైనారు. రిప్పన్ పేరిటనే 1913లో కట్టిన తెల్లని భవనంలోకి సంస్థ కార్యాలయం మారేనాటికే ఆయన అక్కడ మూడు దశాబ్దాల అనుభవశాలి.

1919లో వచ్చిన మద్రాసు నగర పురపాలక శాసనం ఆ కట్టుబాటును మార్చింది. అధ్యక్షుణ్ణి సభ్యులే ఎన్నుకొనవచ్చు, కార్యనిర్వహణకు వేరుగా కమిషనరు ఉంటాడు. అట్లా 1920లో ఎన్నికైన తొలి అధ్యక్షులు త్యాగరాయ శెట్టిగారు. 1922 వరకు ఆ పదవిలో ఉన్నారు.

ఈ నడుమనే ఆయన రాజకీయ జీవితమూ ఉన్నది. మొదట కాంగ్రెస్‌లో తిరిగిన ఆయన 1916లో టి.ఎం. నాయర్, సి. నటేశ ముదలియారు గార్లతో కలిసి బ్రాహ్మణేతరుల హక్కుల కోసం జస్టిస్ పార్టీగా పిలువబడిన సంస్థను నెలకొల్పారు. 1920 ఎన్నికల్లో ఆ పార్టీ గెలిచింది. మంత్రివర్గం ఏర్పరచవలసిందిగా గవర్నరు విల్లింగ్డన్ ప్రభువు ఆయనను ఆహ్వానించారు. ఆయన ఆ పదవిని స్వీకరించలేదు. సుబ్బరాయలు రెడ్డియారు గారు తొలి ముఖ్యమంత్రి అయ్యారు, కొద్దినెలలకే పానగల్ రాజా ఆ స్థానంలోకి వచ్చారు. రాష్ట్రమంతటికీ ముఖ్యుడు కాగలిగినవాడు ఊరి మురుగుకాలువల సభలోనే మిగిలిపోయాడు. మనకాలపు నాయకులు ఎందరు ఇట్లా చేస్తారో చెప్పడం కష్టం.

ఆయన గుణాలే చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. 1921లో బకింగ్‌హాం–కర్ణాటిక్ మిల్లులో సమ్మె జరిగినప్పుడు జస్టిస్ పార్టీ పెద్దలు అనుసరించిన వైఖరి ఆది ద్రావిడులను నొప్పించింది. వారి నాయకుడైన ఎం.సి. రాజాగారు 1923లో ఆ పార్టీని విడిచిపెట్టారు. బ్రాహ్మణేతరులందరి పేరిట పుట్టిన పార్టీ అందరినీ కలుపుకొనలేకపోయిన మచ్చ దాని అధినేతపైనా పడుతుంది. బడిలో బీదపిల్లలకు అన్నం పెట్టించిన చేయి, మిల్లు గొడవలో బీదవారి పక్షాన నిలువలేకపోయిందన్న విమర్శ ఆయన జీవితం చదివేవారు దాటవేయరానిది.

వేయి దీపాల పేట బడి

ఇక అసలు సంగతి. చెన్నపట్టణంలో థౌజండ్ లైట్స్ అనే పేట ఉన్నది. వేయి దీపాలు అని అర్థం. అక్కడి మసీదులో వెలిగించే దీపాల వల్ల ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఆ పేటలో నగరపాలక సంస్థవారి బడి ఒకటి ఉండేది. చేరేవారు బీద ఇండ్ల పిల్లలు. ఆ దగ్గరలోనే మిషనరీల బడి. ఆ పోటీకి నిలువలేక, బీదరికానికి తట్టుకొనలేక సంస్థవారి బడిలో పిల్లల సంఖ్య పలచబడుతున్నది. ఉపాధ్యాయుడున్నాడు, పలకలున్నవి, పిల్లలు లేరు.

ఇటువంటి చిక్కు వచ్చినప్పుడు కచేరీలు సాధారణంగా చేసే పనులు మనకు తెలిసినవే. ఉపాధ్యాయునికి తాఖీదు పంపుతారు. హాజరు పట్టీ సరిచూస్తారు. చివరకు పిల్లలు లేని బడి దండుగ అని మూసివేస్తారు. నూరు మగ్గాల యజమాని వేరొక విధంగా ఆలోచించారు. అంగడికి జనం రాకపోతే అంగడివాడు జనాన్ని తిట్టడు, వారికి ఏమి కావాలో చూస్తాడు. ఈ పిల్లలకు కావలసినది మధ్యాహ్నం పూట కడుపులోకి కొంచెం ఆహారం. 1920 సెప్టెంబరులో ఆయన ప్రతిపాదనను సభ ఆమోదించింది. థౌజండ్ లైట్స్ బడి పిల్లలకు మధ్యాహ్నం టిఫిన్ పెట్టవచ్చు, ఖర్చు తలకు రోజుకు ఒక అణాకు మించరాదు.

ఈ తీర్మానంలో నన్ను ఆకట్టుకున్నవి రెండు. ఒకటి, ఊళ్ళోని బడులన్నిటికీ ఒకేసారి ప్రకటించలేదు. ఒక్క బడితో మొదలుపెట్టారు. చెడితే ఒక్కచోటే చెడుతుంది. రెండవది, ఆ అణా హద్దు. రూపాయికి పదహారణాల కాలం అది. నూట అరవై మంది పిల్లలున్న బడికి రోజుకు పది రూపాయలు. బడి నడిచే దినాలను గుణిస్తే సంవత్సరపు ఖర్చు ముందే తేలిపోతుంది. దానధర్మంలో హద్దు ఉండదు, రాజకీయ వాగ్దానంలో అసలే ఉండదు. పెట్టుబడి పెట్టేవాడు మాత్రం ఎంతవరకు పోయినా ఓర్చుకొనగలనో ముందు లెక్క వేసుకుంటాడు. త్యాగరాయ శెట్టిగారు ప్రజల సొమ్మును తన సొమ్మువలె జాగ్రత్తగా, అదే సమయంలో తన సొమ్మువలె ధైర్యంగా వాడారు. ఈ రెండు కలిసి ఉండడం స్థానిక సంస్థలలో అపురూపం. జాగ్రత్త ఒక్కటే ఉన్నవారు ఏమీ చేయరు, ధైర్యం ఒక్కటే ఉన్నవారు అప్పులు మిగిల్చి పోతారు.

సభలో అందరూ చప్పట్లు కొట్టలేదు. కొందరు సభ్యులు విమర్శించారు. అయినా పథకం మరి నాలుగు బడులకు విస్తరించింది, కొద్దిపాటి మార్పులతో నడిచింది. ఫలితం పట్టీలో కనిపించింది. ఆ పథకం నడచిన బడులలో 1922–23లో 811గా ఉన్న పిల్లల సంఖ్య 1924–25 నాటికి 1,671 అయినది. రెండేళ్ళలో రెట్టింపు దాటింది. ఆ పిల్లలందరికీ అణా చొప్పున పెట్టినా రోజుకు నూట నాలుగు రూపాయల ఏడణాలు.

వర్తకుడు ఊరి పెద్దయి ఊరినే ఒక సంస్థలా నడిపిన కథ ఇంగ్లండులోనూ ఉన్నది. బర్మింగ్‌హాంలో మరమేకుల కర్మాగారంలో డబ్బు గడించిన జోసెఫ్ చాంబర్లేన్ 1873లో ఆ ఊరి మేయరైనారు. దీపాలకు గ్యాసు అందించే ప్రైవేటు కంపెనీలను 1875లో ఊరి పరం చేశారు. వచ్చిన లాభం ఊరికే చెందింది. మరుసటి ఏడాది నీటి కంపెనీనీ తీసుకున్నారు, అయితే నీటిపై లాభం తీయరాదన్నారు. ఆయన చొరవ ఊరికి రాబడి తెచ్చింది. త్యాగరాయ శెట్టిగారి చొరవలో రాబడి లేదు, ఖర్చే ఉన్నది. అందువల్లనే ఆయన కథ చివరకు చిక్కులో పడింది. లాభం తెచ్చే పనిని ఏ తనిఖీదారూ ఆపడు.

పద్దు మాట

1925 ఏప్రిల్ 1 నుండి ఆ అయిదు బడులలో మధ్యాహ్నపు ఆహారం ఆగిపోయింది. దొంగతనం జరిగినందువల్ల కాదు, పిల్లలు రానందువల్ల కాదు, సంస్థ వద్ద డబ్బు లేనందువల్లా కాదు. ప్రాథమిక విద్యానిధి నుండి ఆహారానికి ఖర్చు పెట్టడానికి వీలులేదని ప్రభుత్వం ఆ పద్దును కొట్టివేసింది. చదువు నిమిత్తం కేటాయించిన సొమ్ము అన్నానికి వాడరాదు, అంతే.

ఇందులో ఒక వింత ఉన్నది. ఆనాటి ద్వంద్వ పాలనలో విద్య, స్థానిక స్వపరిపాలన శాఖలు ప్రజలు ఎన్నుకున్న మంత్రుల పరమై ఉండేవి. ఆర్థిక శాఖ మాత్రం గవర్నరు పక్షాన ఉండేది. 1925లో ముఖ్యమంత్రి పానగల్ రాజా, విద్యాశాఖ మంత్రి ఎ.పి. పాత్రోగారు. ఇద్దరూ త్యాగరాయ శెట్టిగారు స్థాపించిన పార్టీవారే. స్వపక్షం గద్దెపై ఉండగా ఆయన పెట్టిన పంక్తి లేచిపోయింది. అధికారం మనవారి చేతిలో ఉంటే చాలు, అన్నీ సాగుతాయనుకొనే మన గ్రామీణుల నమ్మకానికి ఇది కొంచెం ఇబ్బంది కలిగించే ఉదాహరణ.

పద్దు కొట్టినవారిని దుర్మార్గులనడం తేలిక, కాని సరికాదు. మన గోదావరి సీమలో అన్నదానమంటే వెంటనే గుర్తుకు వచ్చేది లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారు. 1909లో ఆమె కన్నుమూసేదాకా ఆ ఇంట పొయ్యి ఆరలేదని మన పెద్దలు కథలుగా చెప్పుకుంటారు. ఆమె తన గాదెలోని ధాన్యం తీసి పెట్టింది. ఎంత పెట్టావు, ఎందుకు పెట్టావు అని అడిగే హక్కు ఎవరికీ లేదు. త్యాగరాయ శెట్టిగారు పెట్టించినది ఇంటింటా వసూలైన సొమ్ము. పన్ను కట్టినవాడు అడుగుతాడు, అడగాలి. విద్యానిధిని నేడు అన్నానికి వాడితే, రేపు మరొక ఊరి పెద్ద దానినే తన అత్తవారి వీధికి రోడ్డు వేయడానికి వాడవచ్చు. అందుకే పద్దులకు గోడలు కట్టారు. ఆ గోడ అవసరమే. అయితే గోడకు తలుపు ఉండాలి. హాజరు రెట్టింపు చేసిన ఖర్చును మరొక పద్దు కిందికి మార్చుకొనే వెసులుబాటైనా చూపకుండా ఆపివేయడం లెక్క కాపాడి పిల్లలను వదులుకొనడమే.

తరువాత జరిగినది చూడండి. తిండి ఆగగానే హాజరు పడిపోయింది. పథకాన్ని తిరిగి నిలబెట్టడానికి ప్రయత్నాలు జరిగినవి. రెండేళ్ళ తరువాత ప్రభుత్వమే మెత్తబడి, వేయిమంది బీదపిల్లలకు పెట్టవచ్చునని అనుమతించింది. ఆ వేయిమంది ఇరవై అయిదు బడులలో ఉన్నారు. సరాసరిన బడికి నలభై మంది. ఇంతకుముందు చిన్న పరిధిలో, ఎంచుకున్న అయిదు బడులలో పెరుగుతూ వచ్చిన పని ఇప్పుడు పలుచగా పరచుకొని, ప్రతి బడిలోనూ ఎవరు బీద, ఎవరు కాదు అని పిల్లలను ఏరే పనిగా మారింది. ఒకే బల్లపై కూర్చున్న ఇద్దరిలో ఒకరిని లేపి అన్నానికి పంపడం ఎట్టిదో మన ఇళ్ళలో పెద్దవారిని అడిగితే చెబుతారు.

త్యాగరాయ శెట్టిగారు ఈ రెండవ అంకాన్ని చూడలేదు. పథకం ఆగిన 1925వ సంవత్సరంలోనే ఆయన పరమపదించారు. ఎల్లప్పుడు తెల్లని దుస్తులలో కనిపించిన ఆయనను తమిళులు వెళ్ళుడై వేందర్ అని, అంటే తెల్లబట్టల రాజు అని నేటికీ స్మరిస్తారు. ఆ సంవత్సరాలలోనే మాంబళం చెరువును పూడ్చి కొత్త పేట నిర్మిస్తూ దానికి ఆయన పేరు పెట్టారు. పానగల్ రాజా పేరిట అందులో ఉద్యానవనం వెలసింది. ఉత్తర చెన్నైలో ఆయన పేరిట కళాశాల ఉన్నది.

గట్టుకు ఇటూ అటూ

మన వైపు సంగతి. ఫ్రెంచి పాలకులు తమ స్థావరాలలో బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం 1930లో ఆరంభించారు. చెన్నపట్టణంలో జరిగిన ప్రయోగం వారి చెవిన పడిందో లేదో గాని, పదేళ్ళ తేడాతో అదే ఆలోచన ఫ్రెంచి సీమలోనూ మొలిచింది. తమిళనాట కామరాజ్‌గారు 1956లో దానిని రాష్ట్ర పథకం చేశారు, ఎం.జి. రామచంద్రన్‌గారు 1982లో విస్తరించారు. 1995 ఆగస్టు 15న కేంద్రం పూనుకున్నది. 2001 నవంబరులో సుప్రీంకోర్టు వండిన అన్నమే పెట్టాలని ఆజ్ఞాపించిన తరువాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుండి బడిలో పొయ్యి వెలిగింది. గట్టు అవతలి పథకానికి 2024లో డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. మన ప్రాంతపు ఆడబిడ్డ పేరు కనుక సంతోషించదగినదే. అయితే గాదె తెరచి పెట్టిన అన్నానికీ, తీర్మానం చేసి లెక్క చెప్పి పెట్టిన అన్నానికీ తేడా ఉన్నది. రెండవదానికి మూలపురుషులలో ఒకరైన తెలుగువాని పేరు తెలుగునాట ఏ బడి గోడపైనా నాకు కనబడలేదు.

1920 నాటి ఆ చిన్న తీర్మానం పుట్టడానికి కావలసిన సరంజామా ఏమిటి? ఆ బడి దారిన నడిచే సభ్యుడు ఒకడు, అతని మాట వినే సభ ఒకటి, సొంతంగా ఖర్చు పెట్టే అణా ఒకటి. ఈ మూడింటిలో ఏది లోపించినా వేయి దీపాల పేట బడికి తాళం పడేది.

మెట్టకూరు యానాం పురపాలక సంఘం పరిధిలోనిది. 1880లో కమ్యూన్ అయిన ఊరు మనది. స్వాతంత్ర్యోద్యమంలో 1954 జూన్ 13న ఫ్రెంచి పాలనను తొలగించుకున్న ఊరు మనది. కాని పుదుచ్చేరి ప్రాంతమంతటా 1968లో స్థానిక ఎన్నికలు జరిగిన తరువాత మళ్ళీ ఓటు వేయడానికి 2006 దాకా ఆగవలసివచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ళు. ఒక తరం పుట్టి, పెరిగి, పెళ్ళిళ్ళు చేసుకొని, పిల్లలను బడికి పంపినంత కాలం. 2006లో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2011లో తీరింది. అటుపై అనేక సంవత్సరాలు కమిషనరుగారి సంతకంతోనే పురపాలక సంఘం నడిచింది. అధికారులలో మంచివారు లేరని కాదు. వారికి పై నుండి వచ్చిన పద్దు ఉంటుంది, ఆ పద్దులో మెట్టకూరు బడి దారి ఉండకపోవచ్చు. 2006కూ 2011కూ మధ్య వార్డు సభ్యుని ఇంటి అరుగు మీద కూర్చొని చెప్పుకున్న మాటనే, తరువాతి సంవత్సరాలలో అర్జీగా రాసి, నకలు తీసి, ముద్ర వేయించుకొని, యానాం కార్యాలయంలో ఇచ్చి రసీదు తెచ్చుకొనవలసివచ్చింది.